కాకుల వేటతో పంటకు దక్కినదేమిటి?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశకు రాగానే విస్తరణ శాస్త్రవేత్తలకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: కాకులకు ఏ మందు పెట్టాలి? ఇక్కడ మందు అన్న మాటకు విషమని అర్థం. అడిగే రైతుకూ అది తెలుసు, వినే శాస్త్రవేత్తకూ తెలుసు. వేరుశనగ విత్తిన మొదటి వారంలోనూ, ఆయిల్‌పామ్ గెలలు పండే కాలంలోనూ ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. మనలో చాలామంది ఇచ్చే సమాధానం అటూ ఇటూ కాకుండా ఉంటుంది. చంపమని చెప్పము, చంపవద్దని గట్టిగానూ చెప్పము. రైతు తన దారి తాను చూసుకుంటాడు. గట్టు మీద గుళికల మందు కలిపిన అన్నం ముద్దలు వెలుస్తాయి, కొయ్యకు చచ్చిన కాకి వేలాడుతుంది. మన క్షేత్ర సందర్శన నివేదికలో మాత్రం ‘పక్షుల బెడద గమనించబడినది’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది.

ఈ అస్పష్టతను ఇక కొనసాగించరాదు. చట్టం మారడం అందుకు ఒక కారణం. అంతకన్న బలమైన కారణం శాస్త్రీయమైనది. కాకులను చంపి పంటను కాపాడుకోవచ్చునన్న నమ్మకాన్ని ప్రపంచంలో లక్షల సంఖ్యలో చంపి మరీ పరీక్షించి చూశారు. ఆ నమ్మకం నిలవలేదు. ఆ చరిత్ర మన పాఠ్యపుస్తకాలలో లేదు. అందుకే దానిని ఇక్కడ కొంత విపులంగా చెప్పవలసి వస్తున్నది.

ముందుగా చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని అయిదవ షెడ్యూలు ఊరకాకిని ఎలుకలు, చుంచులు, పండ్ల గబ్బిలాల సరసన హానికర జీవిగా నిలిపింది. ఆ జాబితాలోని జీవిని చంపడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయేది. 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి రావడంతో ఆ షెడ్యూలే తొలగిపోయింది; ఊరకాకి రెండవ షెడ్యూలులోకి చేరింది. ఇప్పుడు ఒక జీవిని హానికరమైనదిగా ప్రకటించాలంటే ప్రాంతాన్ని, కాలాన్ని నిర్దేశిస్తూ కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటన జారీ చేయాలి. పైరుకు ప్రమాదకరంగా మారిన జంతువు విషయంలో వేటకు అనుమతించే అధికారం రాష్ట్రంలోని ప్రధాన వన్యప్రాణి సంరక్షకునికి ఉన్నా, అది కారణాలు తెలుపుతూ రాతపూర్వకంగా ఇవ్వవలసిన ఉత్తర్వు. ‘వేట’ అన్న పదానికి చట్టం ఇచ్చిన నిర్వచనం కూడా మనం అనుకునేదానికన్న విశాలమైనది. తుపాకీతో కాల్చడంతో పాటు విషం పెట్టడం, ఉచ్చు వేయడం, పక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టడం అన్నీ అందులోకే వస్తాయి. చేను మీద వాలిన పక్షిని అదిలించడం వేట కాదు. పొలం పక్కనున్న వేపచెట్టు మీది కాకిగూళ్ళను కర్రతో కూలదోయించడం మాత్రం వేటే. ఈ భేదం విస్తరణ సిబ్బందిలో ఎందరికి తెలుసునన్నది అనుమానమే. పాత కరపత్రాలు కొన్ని ఇప్పటికీ పంచబడుతున్నాయి; వాటిలో గూళ్ళు తొలగించాలన్న సలహా అలాగే ఉన్నది.

చట్టం మారినంత మాత్రాన రైతు నష్టం మారదు. కాకి నిన్నటివరకు చంపదగినది, నేడు చంపరానిది అని చెప్పి ఊరుకుంటే అది పోలీసు మాట అవుతుంది, విస్తరణ మాట కాదు. రైతుకు చెప్పవలసినది మరొకటి ఉన్నది: నిన్నటివరకు చంపినా నీకు ఒరిగినదేమీ లేదు.

ఆ మాటకు ఆధారం అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల అడవితోపులలో దొరుకుతుంది. అక్కడి కాకి మన ఊరకాకి కాదు. దానికి దగ్గరి బంధువైన మరో జాతి. శరత్కాలంలో ఉత్తరాది నుండి, కెనడా మైదానాల నుండి ఆ కాకులు దక్షిణానికి దిగివచ్చి, పగలంతా కోసిన మొక్కజొన్న పొలాలలో మేసి, రాత్రికి ఏదో ఒక తోపులో వేల సంఖ్యలో, ఒక్కొక్కచోట లక్షల సంఖ్యలో, బస చేస్తాయి. అలాంటి బస తోపులే వేటగాండ్రకు లక్ష్యాలయ్యాయి. మొదట తుపాకులతో మొదలైన వేట 1930వ దశకానికి పేలుడు పదార్థాల దాకా వచ్చింది. కాకులు మేతకు వెళ్ళిన పగటివేళ డైనమైటుతో పాటు లోహపు గుళ్ళు నింపిన గొట్టాలను కొమ్మలకు వేలాడదీసేవారు. వాటిని తీగలతో కలిపి, చీకటి పడి పక్షులన్నీ కుదురుకున్నాక ఒక్కసారిగా పేల్చేవారు. 1940లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ వద్ద ఇలా చంపిన కాకుల సంఖ్య 3,28,000 అని నమోదయింది. ఓక్లహోమా రాష్ట్రంలో 1934 నుండి 1945 వరకు 127 బస తోపులను పేల్చి దాదాపు 38 లక్షల కాకులను చంపారు.

ఇంత వేటకు పంట నష్టం ఒక్కటే కారణం కాదు. కెనడా చిత్తడి నేలలలో అడవి బాతుల గుడ్లను కాకులు తినివేస్తున్నాయని బాతులను వేటాడేవారికి ఫిర్యాదు ఉండేది. తుపాకీ మందు తయారుచేసే సంస్థలకు కూడా కాకుల వేట ఒక వ్యాపారమయింది. రైతు పేరు చెప్పి సాగిన వేటలో రైతు వాటా ఎంత అన్నది అప్పుడూ ఎవరూ అడిగినట్లు లేదు. మన సామెతలోని కాకులను కొట్టి గద్దలకు వేసే వ్యవహారం అక్కడా జరిగింది.

ఫలితమేమిటి? ఓక్లహోమా అనుభవాన్ని తరువాత సమీక్షించినవారికి మూడు విషయాలలోనూ ఒకే సమాధానం దొరికింది. మొత్తం కాకుల సంఖ్య తగ్గిందనడానికి ఆధారం లేదు, పంట నష్టం తగ్గిందనడానికి ఆధారం లేదు, బాతులు పెరిగాయనడానికీ ఆధారం లేదు. పదకొండేళ్ళు, ముప్పై ఎనిమిది లక్షల పక్షులు. మనలో ఏ విద్యార్థి తన సిద్ధాంత వ్యాసానికి ఇంత పెద్ద ప్రయోగ పరిమాణాన్ని కలలోనైనా ఊహించగలడా? అయినా పైరు మీద దాని ప్రభావం కనబడలేదు.

ఈ వేట ఉధృతం కాకముందే ఆ దేశపు వ్యవసాయ శాఖలో హెచ్చరిక వినిపించింది. ఇ. ఆర్. కాల్మ్‌బాక్ అనే శాస్త్రవేత్త 2,118 కాకుల జీర్ణాశయాలను పరీక్షించి 1918లో ఒక సుదీర్ఘ నివేదిక వెలువరించాడు. మొక్కజొన్నే కాకి ఆహారంలో పెద్ద భాగమని అతడు దాచలేదు. అయితే అందులో గణనీయమైన భాగం కోత తరువాత పొలంలో రాలిపోయిన గింజ అనీ, వసంతంలో, వేసవిలో అదే కాకి మిడతలను, పెంకు పురుగులను, వాటి లార్వాలను పెద్ద ఎత్తున తింటుందనీ చూపించాడు. నష్టం ఎక్కడ జరుగుతుందో అక్కడ, ఎప్పుడు జరుగుతుందో అప్పుడు నివారించుకోవాలే తప్ప జాతినంతా నిర్మూలించే ప్రయత్నం తగదన్నది అతని అభిప్రాయం. విత్తనపు గింజకు తారు పట్టించి విత్తడం అప్పటి సిఫారసులలో ఒకటి. ఈనాడు మనం విత్తనానికి పట్టించే వికర్షక మందుల వెనుక ఉన్న ఆలోచనా అదే. నివేదిక అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు, తరువాత రెండు దశాబ్దాలకు డైనమైటు వచ్చింది. పరిశోధన ఫలితానికీ పొలంలోని ఆచరణకూ మధ్య దూరమన్న మాటను మనం తరచు వాడుతుంటాం. దానికి ఇంతకన్న పెద్ద శబ్దంతో కూడిన ఉదాహరణ దొరకదు.

వేట ఎందుకు ఫలించలేదో తెలుసుకోవడం మన విద్యార్థులకు ఎక్కువ ఉపయోగకరం. చలికాలంలో కనిపించే కాకులలో చాలా భాగం ఆ ఏడు పుట్టిన పిల్లలు. వాటిలో ఎన్నో వేట లేకపోయినా వసంతం చూడకుండానే ఆకలికో, రోగానికో, గుడ్లగూబకో బలి అవుతాయి. అలాంటి పక్షిని ఒక నెల ముందు చంపితే ప్రకృతి చేయవలసిన పనిని మనం డబ్బు పెట్టి చేసినట్లు అవుతుంది. పైగా చచ్చినవాటి మేత బతికినవాటికి మిగులుతుంది. అవి బలంగా వసంతానికి చేరుకుంటాయి. ఇక అమెరికా కాకి కుటుంబ జీవనం దీనికి తోడు. ఎదిగిన పిల్లలు ఏడాదికి పైగా తల్లిదండ్రుల దగ్గరే ఉండి తమ్ముళ్ళను, చెల్లెళ్ళను పెంచడంలో సాయపడతాయి. ఖాళీ దొరికితే తామూ గూడు కట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న పక్షులవి. జత కట్టిన కాకి ఒకటి చస్తే దాని స్థానం ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. కాబట్టి చంపిన సంఖ్యనూ తగ్గిన సంఖ్యనూ ఒకటిగా లెక్కించరాదు. కీటకశాస్త్రంలో పురుగు మందు పిచికారీ తరువాత చచ్చిన పురుగులను లెక్కపెట్టడంతో ఆగకుండా వారం తరువాత మిగిలిన పురుగులను, చివరకు దిగుబడిని చూడాలని మనమే బోధిస్తాం. పక్షుల దగ్గరకు వచ్చేసరికి ఆ క్రమశిక్షణను ఎందుకో పక్కన పెడుతున్నాం.

కాకుల వేటకు అతి దగ్గరగా పోల్చదగిన మరో పరీక్ష ఇంగ్లండులో జరిగింది. అక్కడి అడవి పావురాలు చలికాలంలో క్లోవర్ పైరు ఆకులను తిని నష్టపరుస్తాయి. సాయంత్రాలు తోపులలో గుమిగూడే పావురాలను ఊరూరా ఒకే రోజున కాల్చే కార్యక్రమాలకు ప్రభుత్వం తూటాల ధరలో రాయితీ ఇచ్చి ప్రోత్సహించింది. ఆర్. కె. మర్టన్, అతని సహచరులు కేంబ్రిడ్జి షైరులో ఏళ్ళ తరబడి ఆ పావురాలను అధ్యయనం చేశారు. చలికాలంలో ఎన్ని పావురాలు బతకాలో నిర్ణయించేది తుపాకీ కాదు, క్లోవర్ ఆకుల లభ్యత అని వారు చూపించారు. కాల్చిన ఏడు ఆకలి చావులు తగ్గాయి. కాల్చని ఏడు ఆకలి చావులు పెరిగాయి. వసంతానికి మిగిలిన సంఖ్య దాదాపు ఒకటే. ఆ తరువాత రాయితీ నిలిచిపోయింది. ఒక పరిశోధన ఫలితాన్ని చూసి ఒక ప్రభుత్వం తన ఖర్చును ఆపుకోవడం అరుదైన విషయం కనుక దీనిని ప్రత్యేకంగా చెబుతున్నాను.

వేట కాకికి నేర్పే పాఠం కూడా ఒకటున్నది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో ఒక ముసుగు ధరించి కొన్ని కాకులను పట్టి, కాలికి గుర్తు కట్టి వదిలివేసింది. ఏళ్ళు గడిచినా ఆ ముసుగుతో ఎవరు నడిచివెళ్ళినా కాకులు మూకగా అరిచి తరిమేవి. పట్టుబడిన కాకులే కాదు, ఎన్నడూ పట్టుబడనివి కూడా సాటి కాకులను చూసి ఆ ముఖాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. వడిసెల పట్టినవాడిని దూరం నుండే గుర్తించి ఎగిరిపోయే కాకి, అదే చేనులో కూలికి వచ్చినవాళ్ళ పక్కనే నింపాదిగా మేయడం మన రైతులు చూడనిది కాదు. కాకి భయపడడం నేర్చుకునేది మనిషికి, చేనుకు కాదు. కాపలా ఉన్నంతసేపే కాపలా పనిచేస్తుందన్న రైతు మాటలో ఉన్న శాస్త్రం ఇదే.

అమెరికాలో వేట ఇప్పటికీ ఉన్నది. అయితే 1972లో మెక్సికోతో కుదిరిన వలస పక్షుల ఒడంబడిక సవరణలో కాకిని చేర్చిన తరువాత దానికి హద్దులు ఏర్పడ్డాయి. ఏ రాష్ట్రంలోనైనా వేట కాలం ఏడాదికి 124 రోజులకు మించరాదు. గూళ్ళు కట్టే ముమ్మర కాలంలో వేట కూడదు. పంటను పాడుచేస్తున్న కాకుల విషయంలో రైతుకు విడిగా వెసులుబాటు ఉన్నది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, వినోదం కోసం వేటనూ పంట రక్షణనూ ఆ చట్టం రెండు వేరు వేరు విషయాలుగా చూసింది.

ఇంతవరకు చెప్పినదానికి ఒక మినహాయింపు ఉన్నది. దానిని దాటవేస్తే వాదం ఏకపక్షమవుతుంది. మన ఊరకాకి సొంత గడ్డను దాటి వెళ్ళినచోట సమస్య స్వరూపమే వేరు. 1890వ దశకంలో కాఫీ తోటలలో గొంగళి పురుగులను తింటుందని సింహళం నుండి మలయాలోని క్లాంగ్‌కు ఊరకాకిని తీసుకువెళ్ళారు. అంటే మనం ఇప్పుడు జీవ నియంత్రణ అంటున్న పద్ధతిలోనే. కాఫీ కాలం ముగిసింది, కాకి మిగిలింది. చివరకు అక్కడి స్థానిక సంస్థలు తుపాకులు పట్టినవారిని పిలిపించి కాల్పించవలసి వచ్చింది. తూర్పు ఆఫ్రికా తీరంలోనూ అది పరాయి పక్షే. స్థానిక పక్షుల గూళ్ళను కొల్లగొడుతున్నదని 2024లో కెన్యా పది లక్షల కాకులను తొలగించే లక్ష్యాన్ని ప్రకటించింది. ఓడలో ప్రయాణించి నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవుకు చేరి అక్కడ పదుల సంఖ్యకు పెరిగిన చిన్న గుంపును మాత్రం తొలగించగలిగారు. చిన్నది, ఒంటరిది, బయటి నుండి కొత్త పక్షులు వచ్చి చేరే వీలు లేనిది కావడమే అందుకు కారణం. కరీంనగర్ జిల్లాలోని మొక్కజొన్న చేనుకు గాని, అనంతపురం వేరుశనగ చేనుకు గాని ఆ మూడు లక్షణాలలో ఒక్కటీ వర్తించదు. ఇక్కడ ఒక ఊరి కాకులన్నిటినీ చంపినా పక్క ఊరి కాకికి దారి తెలుసు.

మన దగ్గర కాకి చేసే నష్టం కల్పన కాదు. మొలకెత్తుతున్న వేరుశనగను వరుసగా తవ్వి తింటుంది. మొక్కజొన్న కంకి పైపొరను చీల్చి పాలగింజను పొడుస్తుంది. చీలిన కంకిలోకి తరువాత నీరు, బూజు చేరడం అదనపు నష్టం. ఆయిల్‌పామ్ గెల నుండి పండిన కాయలను ఎత్తుకుపోతుంది. అదే కాకి తొలకరి దుక్కులలో నాగలి చాళ్ళ వెంట కొంగలు, గోరింకలతో కలిసి నడుస్తూ వేరుపురుగులను ఏరుకుంటుంది. ఎండాకాలం నుండి తొలకరి దాకా గూటిలో పిల్లలున్న రోజులవి. పిల్లల నోటికి పురుగులు కావాలి. గట్ల మీద చచ్చిన ఎలుకను, ఊరి బయట కళేబరాన్ని శుభ్రం చేసేదీ అదే. పూసా పరిశోధన సంస్థ నుండి మేసన్, లెఫ్రాయ్ 1912లో ప్రచురించిన భారతీయ పక్షుల ఆహార పరిశీలన నుండి, 1982లో వ్యవసాయ పక్షిశాస్త్రంపై ప్రారంభమై రాజేంద్రనగర్‌తో విడదీయరాని అనుబంధం పెంచుకున్న అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం వరకు మన దేశంలో జరిగిన పనిలో పదే పదే తేలినది ఇదే: పక్షిని మిత్రమనో శత్రువనో ఏడాది పొడవునా ఒకే పేరుతో పిలవడం కుదరదు.

అయితే ఈ మాటను రైతుతో చెప్పే తీరులో మనకు జాగ్రత్త కావాలి. పక్షుల వలన కలిగే సగటు నష్టం తక్కువేనని మనం ఒక శాతం చెప్పి సరిపెట్టుకుంటాం. సగటు ఎవరి చేనులోనూ పండదు. ఊరిలో వంద చేలుంటే తొంభైకి నష్టమే ఉండదు. చెట్ల తోపు పక్కన ఉన్నది, ముందుగా విత్తినది లేదా ఆలస్యంగా మిగిలిపోయినది అయిన చేను మాత్రం కళ్ళ ముందే పోతుంది. ఆ చేను తరచు ఒంటరిగా సాగు చేసుకునే చిన్న కమతందారుది. మంచె మీద రోజంతా మనిషిని కూర్చోబెట్టే శక్తి లేనివాడే విషం ముద్ద వైపు చూస్తాడు. కాకిని రక్షించే చట్టం భారమంతా అతని మీద పడుతున్నదన్న నిజాన్ని ఒప్పుకోకుండా కాకి ప్రయోజనాల గురించి ఉపన్యసించడం న్యాయం కాదు.

విషం ముద్ద సంగతి కూడా సూటిగా చెప్పాలి. అది కాకి కోసమే పెట్టినా తినేది కాకి ఒక్కటే కాదు. గోరింక, నెమలి, ఊరకుక్క, ఒక్కొక్కసారి మేకపిల్ల. తిని చచ్చిన కాకిని పీక్కుతిన్న గద్ద. ఫోరేటు గుళికల వాడకాన్ని మన దేశంలో 2020 డిసెంబరు 31 నుండి పూర్తిగా నిషేధించినా పాత డబ్బాలు ఇళ్ళలో మిగిలి ఉన్నాయి. వాటిని వెనక్కు తీసుకునే ఏర్పాటు ఏదీ ఊళ్ళలో కనబడదు. చచ్చిన కాకిని కొయ్యకు కట్టే ఆచారం విషయంలో మరో ప్రమాదమున్నది. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో కుప్పలుగా చనిపోయిన కాకులలో బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది. దారిలో చచ్చిపడి ఉన్న కాకిని వట్టి చేతులతో తెచ్చి చేనులో వేలాడదీయడం, ఆ చేతులతోనే ఇంటి కోళ్ళకు గింజలు వేయడం ఏమిటో పెరటి కోళ్ళ పెంపకందారులకు చెప్పవలసిన బాధ్యత మనది. నల్లగుడ్డతో, ఈకలతో చేసిన బొమ్మ కాకి కూడా అదే పని చేస్తుంది, అది కూడా కొద్ది రోజులే. అసలు కాకి మాత్రం అంతకన్న ఎక్కువ రోజులు పనిచేస్తుందా? అదీ అంతే.

కాపాడుకోవలసిన కాలం నిజానికి చిన్నది. ఇది రైతుకు ఊరటనిచ్చే విషయం. మనమే సరిగా చెప్పడం లేదు. మొక్కజొన్నకు విత్తిన తరువాత మొలక నిలదొక్కుకునేదాకా రెండు వారాలు, మళ్ళీ గింజ పాలు పోసుకున్నప్పటి నుండి గట్టిపడేదాకా మూడు వారాలు. వేరుశనగకు మొలక దశ ఒక్కటే. ఈ కొద్ది వారాలకే ఖర్చు, శ్రమ కేంద్రీకరించాలి. గట్టు పక్కన ఉన్న మూడు నాలుగు వరుసలలో కంకులను అదే మొక్క ఆకులతో చుట్టి కప్పడం కూలి తప్ప ఖర్చు లేని పద్ధతి. మెరిసే రిబ్బన్లను మెలితిప్పి పైరుకు కొంచెం పైన గాలికి ఎదురుగా కడితే మెరుపూ, గాలికి వచ్చే రొదా కలిసి పక్షులను అదరగొడతాయి. ముందే కట్టి ఉంచితే మాత్రం అసలు అవసరమైన నాటికి కాకికి అలవాటైపోతుంది. కోడిగుడ్ల ద్రావణం పిచికారీకి వాన పడితే మళ్ళీ చేయవలసివస్తుంది. వీటిలో ఏదీ ఒంటరిగా చివరిదాకా పనిచేయదు. వారం వారం మార్చుతూ వాడాలి. అన్నిటికన్న ఎక్కువ ఫలితమిచ్చేది, మనం అన్నిటికన్న తక్కువగా ప్రచారం చేసేది, ఊరంతా ఒకే వారంలో విత్తడం. వంద ఎకరాలు ఒకేసారి పాలు పోసుకుంటే అదే కాకుల గుంపు వంద ఎకరాలకు చెదిరిపోతుంది. ఒక్క ఎకరం ముందు పాలు పోసుకుంటే ఆ గుంపంతా ఆ ఎకరం మీదే.

చివరగా పరిశోధన విద్యార్థులకు సంబంధించిన మాట. పక్షుల నివారణపై జరిగే మన క్షేత్ర ప్రయోగాలలో ఎక్కువగా కొలిచేది చేను మీద వాలిన పక్షుల సంఖ్య. రిబ్బను కట్టిన మడిలో పది కాకులు, కట్టని మడిలో నలభై, తేడా గణాంకపరంగా ప్రాముఖ్యమైనది, సిఫారసు చేయడమైనది. అయితే ఆ ముప్పై కాకులు ఎక్కడికి పోయాయి? పక్క మడికే, అంటే మనం పోల్చి చూపిన మడికే పోయి ఉంటే ప్రయోగం తన ఫలితాన్ని తానే రెట్టింపు చేసుకున్నట్లు. పక్క రైతు చేనుకు పోయి ఉంటే ఒకరి నష్టాన్ని మరొకరికి బదిలీ చేసి దానికి రక్షణ అని పేరు పెట్టినట్లు. బస తోపులను పేల్చినవారు చచ్చిన కాకులను లెక్కపెట్టారు. మనం ఎగిరిపోయిన కాకులను లెక్కపెడుతున్నాం. కంకులను లెక్కపెట్టినది మాత్రం చాలా తక్కువ.

కాబట్టి వచ్చే వానాకాలం నుండి పక్షి నివారణ ప్రయోగాలలో మడులకు బదులు ఊళ్ళను ప్రమాణంగా తీసుకోవాలని, ప్రయోగ క్షేత్రానికి నాలుగు వైపులా ఉన్న చేలలో కూడా కంకి నష్టాన్ని కొలిచి నమోదు చేయాలని పరిశోధనా మండళ్ళకు ప్రతిపాదిస్తున్నాను. పని పెరుగుతుంది, నిజమే. ఒక్క విద్యార్థి చేయగలిగినది కాదు. ముగ్గురు నలుగురు కలిసి ఒక మండలాన్ని పంచుకోవలసి ఉంటుంది. చుట్టుపక్కల చేల రైతులు తమ పొలంలోకి రానివ్వడానికి మొదట ఒప్పుకోకపోవచ్చు. రిబ్బన్ల చేను నుండి వచ్చిన కాకులు ఎవరి చేనులో దిగుతున్నాయో వారికి ముందే తెలుసు.